పార్లరు కరెంటు బిల్లులో వేడి వాటా

నమస్కారం. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాలలో సెలూన్లు, బ్యూటీ పార్లర్లు నడుపుతున్న మన తెలుగువారిలో చాలామంది, బిల్లు చేతికి రాగానే ముందుగా ట్యూబులైట్లు ఆర్పడం మొదలుపెడతారు. రాయగడలో మా అక్క కూడా అదే చేసేది. ఒక రోజంతా ఆమె పార్లరులో మీటరు దగ్గర కూర్చున్నాక నాకు తెలిసింది ఏమిటంటే, డబ్బులో అధిక భాగం వేడి పుట్టించే వస్తువులకూ, ఆ వేడిని బయటికి తోసే ఏసీకీ పోతోంది.

1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఆ ఒక్క యూనిట్‌తో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు 50 గంటలు వెలుగుతుంది. 1500 వాట్ల డ్రయ్యరు మాత్రం దానిని 40 నిమిషాలలో తినేస్తుంది. మనిషికి పది నిమిషాల చొప్పున రోజుకు పన్నెండు మందికి తల ఆరబెడితే 3 యూనిట్లు, 26 పనిదినాలకు 78 యూనిట్లు అవుతాయి. అందుకే అక్క ఇప్పుడు తలస్నానం కాగానే ఒక నూలు తువ్వాలుతో నీరు పిండి, రెండో పొడి తువ్వాలుతో అద్ది, ఆ తరువాతనే డ్రయ్యరు అందుకుంటోంది. డ్రయ్యరు వెనుక జాలీని కూడా ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. మా అక్క డ్రయ్యరుకు అక్కడ తెగిన వెంట్రుకలూ పౌడరూ కలిసి బూడిదరంగు మెత్తలా పేరుకుపోయాయి. పాత టూత్‌బ్రష్‌తో దులిపాక గాలి జోరు చేతికే తెలిసింది.

ఆ వెంట్రుకలే ఏసీ ఫిల్టరులోనూ చేరతాయి కనుక, ఇంట్లో ఏసీ కంటే పార్లరు ఏసీ ఫిల్టరును తరచుగా, పదిహేను రోజులకు ఒకసారైనా కడగాలి. ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 24 డిగ్రీలు పెట్టి ఫ్యాను వేస్తే కూర్చున్నవారికి ఇబ్బంది ఉండదు. అద్దం చుట్టూ ఇంకా 40 వాట్ల పాత ఫిలమెంటు బల్బులు పది ఉన్నవారు మాత్రం వాటిని తప్పక మార్చాలి, ఎందుకంటే ఆ 400 వాట్లు గదిని వేడెక్కించి ఏసీకి అదనపు పని పెడతాయి.

కొరాపుట్ వైపు చలికాలంలో గీజరు తప్పదు. 15 లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.6 యూనిట్ పడుతుంది. అసలు నష్టం, ఎవరూ వాడని వేళల్లో కూడా ఆ నీటిని మళ్ళీ మళ్ళీ వేడిచేయడంలో ఉంది. చివరి తలస్నానం కాగానే స్విచ్ ఆపేయండి.

ఇక రాత్రి సంగతి. మీటరు మీద చిన్న ఎర్రదీపం మెరుస్తుంటుంది. పక్కనే యూనిట్‌కు ఎన్ని మెరుపులో రాసి ఉంటుంది. అక్క మీటరుకు అది 3200. అన్నీ ఆపామనుకుని షట్టరు దించే ముందు చూస్తే నిమిషానికి నాలుగుసార్లు మెరిసింది, అంటే 75 వాట్లు. 12 గంటలకు 0.9 యూనిట్, 30 రాత్రులకు 27 యూనిట్లు. మళ్ళీ లోపలికి వెళ్ళి ఒక్కొక్క వస్తువునూ తాకి చూస్తే, మూల బల్ల మీద, మడిచిన తువ్వాళ్ళ వెనుక, వ్యాక్స్ హీటరు వెచ్చగా తగిలింది.