పేపర్ ఎటు మొగ్గిందో కొలవడం ఎలా?

శ్రోతలందరికీ నమస్కారం. మా ఇంటికి పొద్దున్నే రెండు పేపర్లు వస్తాయి. ఒకే పథకాన్ని ఒకటి సంక్షేమం అంటుంది, ఇంకోటి ఉచితాల పందేరం అంటుంది. డబ్బు అదే, అందుకునే జనమూ వాళ్లే, కానీ మాట మారేసరికి చదివేవాళ్ల మనసులో బొమ్మ మారిపోతుంది. ఫలానా పేపర్ ఫలానా పార్టీదని టీకొట్టు దగ్గర అందరం అనేస్తాం. సరే, ఎంత మొగ్గిందో కొలిచి చెప్పమంటే?

అమెరికాలో మాథ్యూ జెంట్స్‌కో, జెస్సీ షపీరో అనే ఆర్థికవేత్తలు ఆ మాటలనే తూకపు రాళ్లుగా వాడారు. అక్కడ చనిపోయినవాళ్లు వదిలివెళ్లిన ఆస్తి మీద వేసే పన్నును డెమొక్రాట్లు ఎస్టేట్ ట్యాక్స్ అంటే, రిపబ్లికన్లు డెత్ ట్యాక్స్, అంటే చావు పన్ను అంటారు. 2005లో అక్కడి చట్టసభల్లో ఏ పార్టీవాళ్లు ఏ మాటలు ఎక్కువ వాడారో ముందు తేల్చి, ఆ మాటల కోసం 400కు పైగా దినపత్రికలను వెతికారు. అంటే కొలబద్ద పరిశోధకుల అభిప్రాయం కాదు, నాయకుల నోటి నుంచి వచ్చినదే, నాకు అది చాలా నచ్చింది. 2010లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది ఏమిటంటే, పేపర్ మొగ్గు ఆ ఊరి పాఠకుల మొగ్గుతో బాగా కలుస్తోంది, యజమాని ఎవరన్నదాని ప్రభావం చాలా తక్కువ. మనం ఎప్పుడూ యజమానినే తిడతాం కదా! అయితే ఇది అక్కడి లెక్క. పత్రికల, టీవీల యజమానులే రాజకీయాల్లో ఉండే మన దగ్గర కూడా ఇదే నిజమని నేను అనను.

మాటలు సరే, అసలు రాయని వార్త సంగతేంటి? దానికీ దారి ఉంది. అమెరికాలో నిరుద్యోగం లెక్కలు ప్రతినెలా వస్తాయి. 1996 నుంచి 2005 వరకు సుమారు 100 పత్రికలను తీసుకుని, ఆ లెక్కల మీద ఏది ఎంత రాసిందో కొందరు పరిశోధకులు చూశారు. ఎన్నికలప్పుడు డెమొక్రాట్లకు మద్దతుగా సంపాదకీయాలు రాసే పత్రికలు, రిపబ్లికన్ అధ్యక్షుడు ఉన్నప్పుడు నిరుద్యోగం పెరిగితే దాని గురించి మరింత ఎక్కువ రాశాయి. అబద్ధం రాయక్కర్లేదు, ఏది ఎక్కువ రాయాలో ఎంచుకుంటే చాలు.

ఇక మన కళ్ల సంగతి. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో పాలస్తీనా శరణార్థుల శిబిరాల్లో జరిగిన ఊచకోత మీద వచ్చిన టీవీ వార్తలను స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు చూపించారు. ఇజ్రాయెల్‌ను సమర్థించేవాళ్లు, అరబ్బులను సమర్థించేవాళ్లు చూసినవి అవే వార్తలు, అయినా ఇరువర్గాలూ అవి తమకే వ్యతిరేకంగా ఉన్నాయన్నారు. 1985లో ఇది అచ్చయింది. అందుకే ఇలాంటి పరిశోధనల్లో చాలాచోట్ల ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు గుర్తులు పెడతారు, తర్వాత పోల్చి చూస్తారు.

మొన్న ఆదివారం నేనూ మా అమ్మాయీ అదే చేశాం. పత్రికల పేర్లు కత్తిరించేసి, శీర్షికల పక్కన అనుకూలం, వ్యతిరేకం, మధ్యస్థం అని చెరో కాగితం మీద రాసుకున్నాం. చాలావాటికి ఇద్దరి గుర్తులూ కలిశాయి. నాలుగింటి దగ్గర మాత్రం తను వ్యతిరేకం అని పెడితే నేను మధ్యస్థం అని పెట్టాను. గంటసేపు వాదించుకున్నా తేలలేదు, ఆ నాలుగు ముక్కలూ ఇంకా మా భోజనాల బల్ల మీదే ఉన్నాయి.