స్పేస్ ఇన్వేడర్స్: మళ్లీ మళ్లీ వచ్చిన ఆటలో అసలు ఎంత మిగిలింది?

అందరికీ నమస్కారం.

స్పేస్ ఇన్వేడర్స్‌ను టైటో సంస్థ 1978లో జపాన్‌లో విడుదల చేసింది. తెర కింద ఉన్న తుపాకీతో, పైనుంచి దిగివచ్చే శత్రువుల దళాన్ని కాల్చే వీడియో గేమ్ ఇది. ఆటను ఊహించినదీ, అది నడిచే సర్క్యూట్ బోర్డును తయారుచేసినదీ ఒక్కరే, తొమొహిరో నిషికదో. ఈ ఆటలో మనల్ని కట్టిపడేసేవి చాలావరకు ఆ బోర్డు స్వభావం వల్ల వచ్చినవే. అందుకే పునర్విడుదల ఏది చేతికొచ్చినా ముందు బోర్డును తలుచుకుని, ఆ తర్వాతే ఆటను చూడాలి.

ఆ బోర్డులో ఉన్నది 2 మెగాహెర్ట్జ్ ఇంటెల్ 8080 ప్రాసెసర్. తెర 256 × 224 చుక్కలు, దాన్ని నిలువుగా తిప్పి బిగించారు. చుక్కకు ఒక బిట్ చొప్పున తెర బొమ్మకే 7 కిలోబైట్లు పోతాయి, ఆట లెక్కలకు మిగిలేది 1 కిలోబైటు. 8080 ఒక ఆదేశంతో ఒక బిట్ మాత్రమే జరపగలదు. బొమ్మలను చుక్క చుక్కగా జరపడానికి అది చాలదు కాబట్టి, ఆ పనికి బోర్డు మీద విడిగా ఒక షిఫ్ట్ రిజిస్టర్, అంటే కావలసినన్ని బిట్లు ఒకేసారి జరిపే సర్క్యూట్, పెట్టారు. ఎమ్యులేటర్ (పాత బోర్డును వేరే కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రాము) రాసేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. రెండో పొరపాటు ఇంటరప్ట్‌లది. ఇవి ప్రాసెసర్ చేస్తున్న పనిని ఆపి వేరే పనికి పిలిచే సంకేతాలు. ఒక్కో ఫ్రేముకు, అంటే తెర మీద బొమ్మ ఒక్కసారి గీసే వ్యవధికి, రెండు రావాలి, తెర మధ్యలో ఒకటి, చివర ఒకటి. ఒకటే ఇస్తే ఆట సరిగా నడవదు.

ఇక వేగం సంగతి. వరుసకు 11 చొప్పున 5 వరుసలు, మొత్తం 55 శత్రువులు. ఫ్రేముకు ఒక్క శత్రువే కదులుతుంది. సెకనుకు 60 ఫ్రేములు కాబట్టి దళమంతా ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. సగం కూలితే ఆ సమయమూ సగమవుతుంది. చివరికి మిగిలిన ఒక్కటీ ప్రతి ఫ్రేములోనూ కదులుతుంది, పైగా కుడివైపు వెళ్లేటప్పుడు 2 చుక్కలకు బదులు 3 చుక్కలు దూకుతుంది. దళం వేగాన్ని టైమరుతో పెంచే కాపీల్లో ఈ ఉత్కంఠ రాదు. వాటిలో కింది వరుస ముందు కదిలి, పై వరుసలు వెనకాల అలలా రావడం కూడా కనిపించదు.

రంగులు కూడా గమనించండి. మొదటి బోర్డు ఇచ్చింది నలుపు తెలుపు బొమ్మే, తెర మీద సెల్లోఫేన్ పట్టీలు అంటించారు. అదే కాలంలో రంగు బోర్డులూ వచ్చాయి, కానీ మొదటి యంత్రాన్ని అనుకరించే కాపీలో రంగు జాగాకు ఉండాలి, బొమ్మకు కాదు. శత్రువు కిందికి దిగి ఆకుపచ్చ పట్టీలోకి వస్తే ఆకుపచ్చగా మారాలి.

శబ్దం మరో చిక్కు. ప్రోగ్రాము చేసేది మీటలు నొక్కడమే, మోత వచ్చేది విడి అనలాగ్ సర్క్యూట్ల నుంచి. అందుకే పాత ఎమ్యులేటర్లకు శబ్దాల ఫైళ్లు వేరుగా ఇవ్వాల్సి వచ్చేది. ఆట మూగగా నడిచిందంటే లోపం ప్రోగ్రాములో లేదన్నమాట.

ఒక దళం మొత్తానికి, అంటే 10, 20, 30 పాయింట్ల శత్రువులన్నీ కూలితే, వచ్చేది 990. పైన వెళ్లే ఎర్ర నౌక ఒక్కటే 300 దాకా ఇస్తుంది. దాని విలువ యాదృచ్ఛికం కాదు, మీరు పేల్చిన గుళ్ల లెక్క మీద ఉంటుంది. దళం మొదలయ్యాక 23వ గుండు, తర్వాత ప్రతి 15వ గుండు నౌకకు తగిలితే 300. నౌక దాదాపు 25 సెకన్లకోసారి వస్తుంది, శత్రువులు 8 కంటే తక్కువైతే రాదు. నా దృష్టిలో ఈ ఆటకు ప్రాణం ఈ లెక్కే. గురి, ఓర్పు రెండూ ఒకేసారి అడుగుతుంది.

నగోయా దెబ్బ అని జపాన్ ఆటగాళ్లు పిలిచే ఎత్తు కూడా ఇలాంటిదే. శత్రువులు తుపాకీకి సరిగ్గా పైవరుస దాకా దిగితే, వాటి గుళ్లు పుట్టే చోటు కిందికి పోయి తుపాకీకి తగలవు. అప్పుడు నింపాదిగా తుడిచిపెట్టవచ్చు. ఒక్క అడుగు కిందికి వస్తే మాత్రం ఆట అయిపోయినట్టే.

అటారీ 2600 అనే ఇంటి గేమ్ యంత్రానికి 1980లో వచ్చిన కాపీలో 36 శత్రువులు, 3 రక్షణ గోడలే. అయినా 112 రకాలుగా ఆడుకునే వీలుంది, దాన్ని వేరే ఆటగా మెచ్చుకోవాలి. 2008 నాటి స్పేస్ ఇన్వేడర్స్ ఎక్స్‌ట్రీమ్‌లో ఒకే రంగు శత్రువులను వరసగా నాలుగింటిని కూలిస్తే కొత్త ఆయుధం దొరుకుతుంది. అది పాత ఆటను దాచాలని చూడలేదు, కొత్త ఆటనే కట్టింది. అందుకే నాకు ఇష్టం.

పాత ఆటే కావాలనుకుంటే తెరను నిలువుగా పెట్టే వీలుందో చూడండి. టీవీలో గేమ్ మోడ్ వేయండి, లేకపోతే తుపాకీ ఆలస్యంగా స్పందిస్తుంది. తర్వాత మీట గబగబా నొక్కండి. గాలిలో ఒకేసారి మీ గుళ్లు రెండు కనిపిస్తే ఆ కాపీ అసలు ఆట కాదు. కనిపించకపోతే 22 గుళ్లు లెక్కపెట్టి, 23వ గుండును నౌక కోసం దాచుకోండి.