నీళ్లతో చేసే డ్రిల్లింగ్ మడ్: ఉప్పు ముందా, బెంటోనైట్ ముందా?

నమస్కారం. నా ముందు రెండు గ్లాసులున్నాయి. ఎడమ దాంట్లో మంచినీళ్లు, కుడి దాంట్లో బాగా ఉప్పు కలిపిన నీళ్లు. రెండింట్లోనూ ఒకే కొలత బెంటోనైట్, అంటే నీళ్లు పీల్చి ఉబ్బే ఒక రకం బంకమట్టి, పొడి వేసి కలుపుతున్నాను. వీటిని రాత్రంతా కదపకుండా ఉంచుదాం.

ఈలోగా అసలు విషయం. యంత్రంతో లోతైన బావి తవ్వేటప్పుడు డ్రిల్లింగ్ మడ్‌ను, అంటే మట్టీ పొడులూ కలిపిన ద్రవాన్ని, పైపు లోపలి నుంచి కిందికి పంపు చేస్తాం. అది పైపు చివర రాయిని తొలిచే బిట్ దగ్గర బయటికొచ్చి, రాతి ముక్కల్ని, అంటే కటింగ్స్‌ని, మోసుకుంటూ పైపు చుట్టూ ఉన్న ఖాళీలోంచి పైకొస్తుంది. బిట్‌ను చల్లబరుస్తుంది, బావి గోడను నిలబెడుతుంది, కింద పొరల్లోని ఒత్తిడిని అదిమిపెడుతుంది.

మొదట్లో ఉత్త నీళ్లే వాడారు. 1845లో ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్‌లో ఫోవెల్ అనే ఇంజనీరు బోలు కడ్డీల గుండా నీళ్లు పంపి బావి తవ్వాడు. గట్టి రాయిలో ఇప్పటికీ నీళ్లు సరిపోతాయి. వదులు ఇసుకలో మాత్రం గోడ కూలిపోతుంది. టెక్సాస్‌లో 1901లో నూనె ఎగజిమ్మిన స్పిండిల్‌టాప్ బావి దగ్గర ఇదే చిక్కు వస్తే, నీళ్లలో బంకమట్టి కలిపి పంపారు. మట్టి గోడకు పూతలా అంటుకుని ఇసుకను ఆపింది. ఆ పూతనే ఫిల్టర్ కేక్ అంటాం. అది పలచగా, గట్టిగా ఉండాలి. మందంగా పేరుకుంటే పైపే ఇరుక్కుంటుంది.

తర్వాత బరువు సంగతి. వెయ్యి మీటర్ల లోతున నీళ్ల ఒత్తిడి సుమారు 98 బార్. కింద గ్యాస్ అంతకన్నా ఎక్కువ ఒత్తిడితో ఉంటే అది పైకి తోసుకొస్తుంది. అందుకే నీళ్లకన్నా 4.2 రెట్లు బరువైన బరైట్ అనే ఖనిజం పొడి కలుపుతాం. మడ్ సాంద్రత నీళ్లకు 1.2 రెట్లకి చేరితే అదే లోతున దాదాపు 118 బార్ వస్తుంది.

ఆ బరైట్ అడుక్కి దిగిపోకుండా పట్టి ఉంచేది బెంటోనైట్. దాని రేణువులు పలచని రేకుల దొంతరలు. మంచినీళ్లలో రేకులు విడివడి, పంపు ఆగగానే ఒకదాన్నొకటి పట్టుకుని గెల్ అవుతాయి. కటింగ్స్ ఎక్కడివక్కడే నిలుస్తాయి. పంపు వెయ్యగానే గెల్ విరిగి మళ్లీ పారుతుంది. నాకు ఈ పనిలో ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఇదే.

గెల్ మరీ చిక్కబడితే లిగ్నోసల్ఫొనేట్ అనే రసాయనం వేసి పలచన చేస్తారు. దాంతో ఇంకో ఇబ్బంది ఉంది. షేల్ కూడా బంకమట్టి రాయే కాబట్టి, దాని ముక్కలూ మడ్‌లో కరిగినట్టు చెదిరిపోతాయి. గోడలోని షేల్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పెళ్లలుగా ఊడుతుంది. దీనికి దొరికిన మంచి మందు పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు. పొటాషియం అయాన్ తన చుట్టూ నీటిని ఎక్కువగా పోగేసుకోదు. పైగా మట్టి రేకుల మీది గుంటల్లో సరిగ్గా ఇమిడే సైజు దానిది. రేకుల మధ్య కూర్చుని వాటిని దగ్గరగా పట్టి ఉంచుతుంది, నీళ్లు దూరవు. దానికి తోడు పాలిమర్లు, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థాలు, కటింగ్స్‌కి పొరలా చుట్టుకుంటాయి. షేల్ పొరలు ఎక్కువున్న చోట నేనైతే మొదట ఈ మడ్ గురించే ఆలోచిస్తాను.

ఇప్పుడు గ్లాసులు చూడండి. రాత్రి గడిచింది. ఎడమ దాంట్లో చిక్కటి గెల్. కుడి దాంట్లో మట్టి అడుక్కి చేరి పైన తేట నీళ్లు. షేల్‌ను ఉబ్బనివ్వని ఉప్పే బెంటోనైట్‌నూ విచ్చుకోనివ్వదు. కొత్తలో నేను తొందరపడి ఉప్పునీళ్లలోనే బస్తాలు విప్పాను. ఎన్ని పోసినా చిక్కబడలేదు, ఆ రోజంతా టెన్షనే.

కాబట్టి ముందు వేరే ట్యాంకులో మంచినీళ్లు పోసి, బెంటోనైట్ కలిపి, కొన్ని గంటలు నాననివ్వండి. తర్వాతే దాన్ని ఉప్పు మడ్‌లోకి వదలండి. నాననివ్వడానికి సమయం లేకపోతే ఉప్పునీళ్లలోనూ పనిచేసే ఆటపుల్‌గైట్ మట్టి గానీ, జాంతాన్ పాలిమర్ గానీ వాడండి.

కలిపాక మడ్ చిక్కదనాన్ని మార్ష్ ఫన్నెల్ అనే గరాటుతో కొలవండి. 946 మిల్లీలీటర్ల మంచినీళ్లు దాంట్లోంచి కారడానికి 26 సెకన్లు పడుతుంది. ముందు నీళ్లతో ఆ 26 వస్తోందో లేదో చూసుకుని, తర్వాత మీ మడ్ పోసి వచ్చిన సెకన్లు రాసిపెట్టుకోండి.