జ్వరానికి పేరు పెట్టే ముందు

శ్రోతలకు నమస్కారం.

వానలు ముదిరాయంటే వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఆసుపత్రికి వెళ్లినా జ్వరంతో వచ్చినవారే కనిపిస్తారు. పిల్లవాడికి ఒళ్లు కాలిపోతుంటుంది. రక్తపరీక్ష చేయిస్తారు. చీటీలో ప్లేట్‌లెట్లు 90 వేలని ఉంటుంది. ఆ ఒక్క అంకె చూసి ఇంటిల్లిపాదీ ఇది డెంగీయే అని నిశ్చయానికి వస్తారు. ఇక అప్పుల కోసం పరుగులు, బొప్పాయి ఆకు రసాలు, పూటపూటకూ ప్లేట్‌లెట్ల లెక్కలు. ఈ తొందర చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే ప్లేట్‌లెట్లు ఫ్లూలోనూ తగ్గుతాయి, కోవిడ్‌లోనూ తగ్గుతాయి, మలేరియాలో, టైఫాయిడ్‌లో కూడా తగ్గవచ్చు. లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాల్సినవి ఎంతకు పడిపోయాయో ఆ అంకె చెబుతుంది. ఎందువల్ల పడిపోయాయో చెప్పదు.

డెంగీలా కనిపించే జ్వరాల్లో ముందుగా చెప్పాల్సింది ఫ్లూ గురించి. దానికి దోమతో పని లేదు, దగ్గు తుమ్ముల ద్వారా ఒకరి నుంచి ఒకరికి సోకుతుంది. ఉన్నట్టుండి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, లేవలేనంత నీరసం. మొదటి రెండు రోజుల్లో దీనికీ డెంగీకీ తేడా పట్టడం అనుభవమున్న వైద్యులకే కష్టం. అయితే గొంతునొప్పి, ముక్కు కారడం, పొడిదగ్గు కూడా ఉన్నాయంటే, పైగా ఇంట్లో ఒకరి వెనుక ఒకరు మంచం పడుతున్నారంటే, ఫ్లూని అనుమానించాలి. డెంగీ కోసం చేసే రక్తపరీక్షల్లో ఇది బయటపడదు. ముక్కులోంచీ గొంతులోంచీ పుల్లతో నమూనా తీసి ఆర్‌టీ-పీసీఆర్ చేయాలి. గర్భిణులకు, వృద్ధులకు, ఉబ్బసం ఉన్నవారికి ఈ తేడా తెలియడం చాలా అవసరం. ఫ్లూకి వాడే ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే ఎక్కువ మేలు చేస్తుంది. డెంగీ అనుకుంటూ కూర్చుంటే ఆ సమయం కాస్తా గడిచిపోతుంది.

ఇక తేదీల సంగతి. ల్యాబుకు వచ్చే చీటీ మీద పేరు ఉంటుంది, వయసు ఉంటుంది. జ్వరం ఏ రోజు మొదలైందో మాత్రం చాలాసార్లు ఉండదు. డెంగీ నిర్ధారణకు ఆ తేదీయే ఆధారం. డెంగీ పరీక్షల్లో రక్తంలో వెతికేవి ముఖ్యంగా రెండు, ఎన్‌ఎస్‌1, ఐజీఎం. ఎన్‌ఎస్‌1 అనేది డెంగీ వైరస్ విడుదల చేసే ప్రొటీన్. జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచి అయిదో రోజు దాకా రక్తంలో బాగా దొరుకుతుంది. ఐజీఎం అనేది వైరస్‌తో పోరాడడానికి మన శరీరం తయారుచేసుకునే యాంటీబాడీ. అది కనబడడానికి దాదాపు అయిదు రోజులు పడుతుంది. రెండో రోజునే ఐజీఎం పరీక్ష చేయించి, నెగటివ్ వచ్చింది కాబట్టి డెంగీ లేదనుకుంటే పొరపాటే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఐజీఎం రెండు మూడు నెలలు నిలిచి ఉంటుంది. శ్రావణంలో వచ్చి పోయిన డెంగీ తాలూకు ఐజీఎం భాద్రపదంలో వచ్చిన ఫ్లూ జ్వరంలో కనిపించి అందరినీ తప్పుదోవ పట్టించవచ్చు. నిమిషాల్లో ఫలితమిచ్చే ర్యాపిడ్ కిట్లు సూచన మాత్రమే ఇస్తాయి, నిర్ధారణకు ల్యాబులో చేసే ఎలీసా అనే రక్తపరీక్ష కావాలి. 2020లో సింగపూర్‌లో ఇద్దరికి ర్యాపిడ్ పరీక్షలో డెంగీ అని వచ్చింది. తర్వాత చూస్తే ఇద్దరికీ ఉన్నది కోవిడ్. అందుకే పరీక్షకు వెళ్లేటప్పుడు జ్వరం మొదలైన తేదీ రాసుకుని వెళ్లండి, అడగకపోయినా చెప్పండి.

కీళ్లు పట్టేసే జ్వరమైతే అందరికీ చికున్‌గున్యాయే గుర్తుకొస్తుంది. అలాంటి నొప్పులే తెచ్చే వైరస్ మరొకటి ఉంది, పార్వోవైరస్ బీ19. దీనికీ దోమ అక్కర్లేదు. పిల్లల్లో బుగ్గలు చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడతాయి. పెద్దవారిలో, ముఖ్యంగా మహిళల్లో, వేళ్లు, మణికట్లు, మోకాళ్లు వారాల తరబడి నొప్పి పెడతాయి. చాలామందికి తనంతట తానే తగ్గిపోతుంది. కానీ ఈ వైరస్ ఎముక మూలుగలో ఎర్రరక్తకణాల తయారీని కొన్నాళ్లు ఆపేస్తుంది. ఎర్రరక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య జబ్బు సికిల్‌సెల్ ఉన్నవారిలో హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడిపోవడానికి అది చాలు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ఆదివాసీ గూడేల్లో సికిల్‌సెల్ ఉన్న కుటుంబాలున్నాయి. అలాంటి ఇంట్లో జ్వరం వచ్చిన పిల్ల పాలిపోయి ఆయాసపడుతుంటే ప్లేట్‌లెట్ల కన్నా ముందు హిమోగ్లోబిన్ చూడాలి, ఆ రోజే చూడాలి. గర్భిణికి ఇది సోకితే కడుపులోని బిడ్డకూ రక్తహీనత రావచ్చు.

ఒంటి మీద దద్దుర్లు కనిపించగానే డెంగీ అనేయకండి. మూడు నాలుగు రోజులు జ్వరం, దగ్గు, ఎర్రబడిన కళ్లు, ఆ తర్వాత చెవుల వెనుకా ముఖం మీదా మొదలై కిందికి దిగే దద్దుర్లు తట్టువి కావచ్చు. ఆశా కార్యకర్తకు చెప్పండి, పక్కింటి పసిపిల్లలకు టీకా పడిందో లేదో ఆమె చూస్తారు.

అడవులున్న ములుగు, ఏటూరునాగారం వైపు వారు మలేరియా సంగతి ముందే తేల్చుకోవాలి. 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో పట్టుకున్నది మన సికింద్రాబాద్‌లోనే. ఇప్పటికీ ఈ జబ్బును ఖాయం చేయడానికి రక్తపు చుక్కను ఆ పరికరం కిందే చూస్తారు. ఒకసారి కనబడలేదని వదిలేయకుండా, జ్వరం ఆగకపోతే మళ్లీ చూపించుకోవాలి. అలాగే చంకల్లో, గజ్జల్లో నొప్పి లేని నల్లటి పెచ్చు ఉందేమో వెతకండి. ఉంటే అది స్క్రబ్ టైఫస్ అనే బ్యాక్టీరియా జ్వరం కావచ్చు. అది వైరస్ కాదు, దానికి సరైన మందు ఉంది.

జ్వరం ఏదో తేలేదాకా పారాసెటమాల్ చాలు, అదీ వైద్యులు చెప్పిన మోతాదులోనే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు, సూదులు వేయించుకోకండి. అది డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. డెంగీలో ప్రమాదం సాధారణంగా జ్వరం దిగాక ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. కడుపులో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, చేతులూ కాళ్లూ చల్లబడడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.

నమస్కారం.