మిద్దె మీద మూడు బెల్టులు

ఇప్పుడు టైం పొద్దున ఆరుంపావు. అనంతపురంలో మా మిద్దె మీద ఉన్నాను. ఎనిమిది దాటితే ఈ మే నెల ఎండకు ఇక్కడ కాలు పెట్టలేం. డాలస్‌లో మా గ్యారేజీలో చేసి వీడియోల్లో చూపించే తోలు బెల్టులు ఊరికొచ్చి కూడా చేస్తావా అని అడిగారు కదా, చేశాను. మూడిట్లో రెండు చెడగొట్టాను. ఒకటి మళ్లీ దారికొచ్చింది, చూపిస్తాను.

డాలస్‌లో నేను వాడేది స్పిరిట్ రంగు. అది మంటంటుకునే సరుకు, విమానంలో తీసుకురానివ్వరు. అందుకని నీళ్లతో కలిసే గోధుమ రంగు డబ్బా ఒకటి, మూడున్నర మిల్లీమీటర్ల మందం తోలు పట్టీలు మూడు పెట్టెలో వేసుకుని వచ్చాను. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు. మన దగ్గర తంగేడు చెక్కతో చేసేది కూడా ఈ జాతిదే.

మొదటి బెల్టు నా తొందర వల్ల పోయింది. రంగు వేసి, పదకొండు గంటల ఎండలో పిట్టగోడ మీద పరిచాను. అరగంటకల్లా అప్పడంలా బిర్రబిగుసుకుంది. బకిల్ కోసం చివర మడవగానే పైపొర చిట్లింది. ఇదిగో, ఈ సన్నటి గీతలు. తోలు నీడలో, గాలి ఆడే చోట, నిదానంగా ఆరాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు, అదీ నా బాధ.

రెండోదాన్ని బుద్ధిగా నీడలోనే వేశాను. వేసింది ఎక్కడ? మెట్ల గది కింద ఇనప తీగ దండెం మీద. మరుసటి రోజు చూస్తే తీగ తగిలిన ప్రతిచోటా నల్లగా, నీలంగా మరకలు. రంగు డబ్బాదే తప్పనుకున్నాను. క్లాక్ టవర్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ఉంటే తీసుకెళ్లి చూపించాను. వేలితో రుద్ది, వాసన చూసి, "ఏమప్పా, తడి తోలు ఇనుము మీద ఆరేసినావా?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. రంగు వేయక ముందైతే నిమ్మరసం నీళ్లలో కలిపి తుడిస్తే మరక చాలావరకు పోయేదంట.

బెరడులో వగరు ఉంటుంది కదా, టానిన్. తడి మీద ఇనుము తగిలితే అది నల్లబడుతుంది. కలంకారీ వాళ్లు బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన బట్ట మీద నలుపు తెప్పించేది ఇదే పద్ధతిలో. మరకే అంత నల్లగా పడితే బెల్టు మొత్తం నల్లగా చేస్తే సరిపోతుంది కదా! సీసాలో వెనిగర్ పోసి తుప్పు మేకులు వేసి నాలుగు రోజులు ఉంచాను. గ్యాస్ పుడుతుంది, మూత బిగించకూడదు. తర్వాత గుడ్డతో పూస్తుంటే కళ్ల ముందే గోధుమ రంగు నల్లబడిపోయింది. పులుపు తోలును తినేయకుండా వంటసోడా నీళ్లతో తుడిచి, ఆరాక నూనె పట్టించాను. ఇది మా బావకు.

మూడోది నాయనకు. నాయన తెల్ల పంచె మీద బెల్టు కడతాడు, రంగు అంటిందంటే నా పని అయిపోయినట్టే. అందుకే రంగులో సగానికి సగం నీళ్లు కలిపి, పాత బనీను ముక్కతో గుండ్రంగా తిప్పుతూ మూడు పలచటి పూతలు వేశాను. ఒక పూత ఆరాకే ఇంకోటి. చిక్కగా ఒకేసారి పూస్తే చారలు పడతాయి, పైన నిలిచిపోయిన పొడి తర్వాత బట్టలకు అంటుతుంది. మూడో పూత ఆరాక పొడి గుడ్డతో రుద్దుతూనే ఉన్నాను. మొదటి గుడ్డ కాఫీ రంగు, రెండోది లేత, ఐదోది తెల్లగా వచ్చింది. అప్పటికి ఆపాను.

ఆ తర్వాత నీట్స్‌ఫుట్ నూనె, పలచగా ఒక్క చేయి. ఆవు కాళ్ల ఎముకల నుంచి తీస్తారని నోరు జారాను, అమ్మ ఆ సీసాను వంటింటి గడప దాటనివ్వలేదు. అంచులకు కొంచెం తడి చేసి, నున్నటి కట్టెతో వేడి పుట్టేదాకా రుద్దాలి. ఆ కట్టె డాలస్‌లోనే మర్చిపోయి పప్పుగుత్తి కాడతో కానిచ్చాను. ఈ ముక్క అమ్మకు చెప్పొద్దు. చివర్లో తేనెమైనం పట్టించి మెరుగు పెట్టాను. ఒకసారి అంచు చూడండి, గాజులా లేదూ?

కింద ఉగ్గాని, బజ్జీ అయినట్టుంది, వాసన పైకొస్తోంది. నాయన కూడా పైకొస్తున్నాడు. నడుముకు బెల్టు పెట్టుకుని చూసి, "ఇంగో బొక్క గావాల రా" అంటూ ఒక చేత్తో మేకు, ఇంకో చేత్తో రాయి తీసుకున్నాడు. ఇనప మేకు! ఆరిన తోలుకు ఏమీ కాదులెండి, మరక పడదు. అయినా నేను చూడలేను, కెమెరా ఆపేస్తున్నా.