సగంలో ఉన్న పుస్తకాలు

అక్క: నమస్కారం. ఈ ఎపిసోడ్‌కి ఒకే నియమం పెట్టుకున్నాం. చదివేసిన పుస్తకం గురించి మాట్లాడకూడదు. ఇప్పుడు చేతిలో ఉన్నది, ఇంకా పూర్తికానిది, దాని గురించే చెప్పాలి. ఏరా, మొదలుపెట్టు.

తమ్ముడు: మొదలుపెడతా గానీ, కాస్త సిగ్గుగా ఉందక్కా. మూడు నెలల నుంచీ నాది ఒకటే పుస్తకం, ‘మోబీ డిక్’. తిమింగలం వేట మీద మెల్విల్ రాసిన నవల. 32వ అధ్యాయం దగ్గర ఆగిపోయా.

అక్క: మొత్తం ఎన్నేంటి?

తమ్ముడు: 135. చివర్లో చిన్న ఉపసంహారం అదనం.

అక్క: (నవ్వు) అంటే నీ ఓడకి రేవు ఇంకా కనిపిస్తూనే ఉందన్నమాట.

తమ్ముడు: నవ్వకు. తప్పు నాది కాదు, ఆ అధ్యాయానిది. ఓడ బయలుదేరింది, కెప్టెన్ అహాబ్ డెక్ మీదికి వచ్చాడు, ఇక కథ పరుగెడుతుంది అనుకుని సర్దుకు కూర్చున్నానా, కథ చెప్పేవాడు కథని పక్కనపెట్టి తిమింగలాల్ని వర్గీకరించడం మొదలెట్టాడు. అదీ ఎలా అనుకున్నావు? పుస్తకాల సైజుల్ని బట్టి!

అక్క: పుస్తకాల సైజులా?

తమ్ముడు: అవును. పెద్దవి ఫోలియో తిమింగలాలు, మధ్యరకం ఆక్టేవో, చిన్నవి డ్యుయోడెసిమో. పాతకాలం అచ్చుపని మాటలవి. కాగితాన్ని ఒక్కసారి మడిస్తే ఫోలియో, ఎనిమిది ఆకులు వచ్చేలా మడిస్తే ఆక్టేవో, పన్నెండు వస్తే డ్యుయోడెసిమో. మధ్యలో క్వార్టో అనే సైజు ఉంటుంది కదా, దాన్నెందుకు వదిలేశాడో చెప్పడానికి కింద ఫుట్‌నోట్ కూడా పెట్టాడు. మధ్యరకం తిమింగలాలు పెద్దవాటికి చిన్న నకళ్ళలా ఉంటాయట. కానీ క్వార్టో పుస్తకానికి ఫోలియో ఆకారం రాదు, ఆక్టేవోకి వస్తుంది. అందుకని క్వార్టో తిమింగలం లేదు!

అక్క: అబ్బ, ఏం పట్టింపురా!

తమ్ముడు: ఇంకా విను. అన్నీ చెప్పి, తిమింగలం చేపే అని తీర్మానిస్తాడు. నాకు ఒళ్ళు మండింది. పుస్తకం మూసేశా. కానీ ఇప్పుడు నీకు చెబుతుంటే నాకే నవ్వొస్తోంది.

అక్క: నాకైతే చదవాలనిపిస్తోంది. నిజంగా. నేను చదవలేదు ఆ పుస్తకం. ఇన్నేళ్ళలో కనీసం పదిమంది చెప్పి ఉంటారు, “మహా నవల, తప్పక చదవాలి” అని. వాళ్ళంతా పూర్తిచేసినవాళ్ళే. ఒక్కడూ ఈ క్వార్టో సంగతి చెప్పలేదు.

తమ్ముడు: వాళ్ళు మర్చిపోయుంటారు.

అక్క: అదే నేననేది. చివరి పేజీ అయిపోయాక మన దగ్గర ఒక తీర్పు మిగులుతుంది. బాగుంది, బాగాలేదు, గొప్పది. మధ్యలో ఉన్నప్పుడైతే చిరాకులు, సందేహాలు, నిన్న రాత్రి చదివిన పేజీ, అన్నీ ఉంటాయి. అవతలివాడికి నోరూరేది వాటికే. “తప్పక చదవాలి” అంటే నాకు కషాయం గుర్తొస్తుంది.

తమ్ముడు: సరే, నీ సంగతేంటి?

అక్క: ‘కాలాతీత వ్యక్తులు’. రెండోసారి.

తమ్ముడు: అదుగో! రెండోసారంటే చదివేసిన పుస్తకమేగా? నియమం పెట్టింది నువ్వే.

అక్క: ముప్పయ్యేళ్ళ కిందట చదివిందాన్ని చదివేసిన పుస్తకం అనరురా. డాక్టర్ పి. శ్రీదేవి రాసింది. వృత్తిరీత్యా ఆవిడ డాక్టరే. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో ఇందిర అనే అమ్మాయి ఉంటుంది. ఉద్యోగం చేసి, బాధ్యత పట్టని తండ్రిని పోషిస్తుంటుంది. ఇరవయ్యేళ్ళప్పుడు చదివి, ఇందిర స్వార్థపరురాలు, అందులోనే ఉండే ఇంకో అమ్మాయి కల్యాణి మంచిది అని లెక్క తేల్చేశా. అప్పట్లో నాకు లెక్కలు తొందరగా తేలేవి.

తమ్ముడు: ఇప్పుడు?

అక్క: ఇప్పుడు సగంలో ఉన్నా. తండ్రి మాట్లాడినప్పుడల్లా నాకు ఇందిర వైపు కోపం వస్తోంది. ఇందిర మీద కాదు, ఆమె తరఫున. అర్థమైందా? ఆ పిల్ల తనకోసం ఒక్క సుఖం కోరుకుంటే స్వార్థం అన్నానే అనిపిస్తోంది. ఆఖరికి ఎటు తేలతానో తెలీదు. కథ గుర్తుంది, నేనెటుంటానో మాత్రం తెలీదు.

తమ్ముడు: సినిమా కూడా వచ్చినట్టుందే?

అక్క: 1963లో, ‘చదువుకున్న అమ్మాయిలు’. ఈ నవల ఆధారంగానే తీశారు గానీ, అది చూశాను కాబట్టి ఇది చదవక్కర్లేదు అనుకోకు. అది పూర్తిగా వేరే సరుకు. శ్రీదేవిగారు 1961లోనే పోయారు. ముప్పై రెండేళ్ళు కూడా సరిగ్గా నిండాయో లేదో.

తమ్ముడు: అయ్యో. అంత చిన్న వయసులోనా?

అక్క: ఊఁ. (విరామం) ఇంకోటి తట్టింది చదువుతుంటే. సీరియల్ రోజుల్లో పాఠకులంతా ఒకే చోట ఆగేవాళ్ళు కదా. వారం వారం అందరూ సగంలోనే. ముందు ఏమవుతుందో చెప్పేసి ఆట చెడగొట్టేవాడు ఒక్కడూ ఉండడు, ఎవరికీ తెలీదు కాబట్టి. ఈ వారం ఇందిర అలా ఎందుకంది అని మాత్రం ఎంతైనా వాదించుకోవచ్చు.

తమ్ముడు: ఇప్పుడు ఆ పని కోసం యాప్‌లో ‘ప్రస్తుతం చదువుతున్నవి’ అని అర ఒకటి ఇస్తున్నారు. నా అరలో పదకొండున్నాయి. రెండేళ్ళుగా అవే.

అక్క: దాన్ని చదవడం అనరు, దుమ్ము పట్టించడం అంటారు. నాన్సీ పెర్ల్ అని అమెరికాలో ఒక లైబ్రేరియన్ ఉన్నారు. ఆవిడ లెక్క ప్రకారం, యాభై ఏళ్ళలోపువాళ్ళు ఏ పుస్తకానికైనా 50 పేజీలు అవకాశం ఇవ్వాలి. నచ్చకపోతే వదిలేయొచ్చు. యాభై దాటితే, వందలోంచి వయసు తీసేసి ఎంత మిగిలితే అన్ని పేజీలు చాలు.

తమ్ముడు: నీకు 54. అంటే 46.

అక్క: వయసు బయటపెట్టమని చెప్పానా? సరే. నూరేళ్ళు నిండితే సున్నా పేజీలు. అప్పుడు అట్ట చూసే తీర్పు చెప్పేయొచ్చంటారావిడ.

తమ్ముడు: ఆ లెక్కన నేను ‘మోబీ డిక్’ ఎప్పుడో వదిలేయొచ్చు. కానీ వదలాలని లేదు. ముందుకు కదలాలనీ లేదు.

అక్క: దానికి పెర్ల్‌గారి దగ్గరా మందు ఉండదు. అది సరే, సిఫారసుల సంగతికి రా. నీకు ఆ విషయంలో మంచి రికార్డు ఉందిగా.

తమ్ముడు: వద్దక్కా.

అక్క: చెప్పాల్సిందే.

తమ్ముడు: (నిట్టూర్పు) నా స్నేహితుడొకడికి ఉద్యోగం పోయింది. ఇంట్లో దిగులుగా కూర్చున్నాడు. ఆ టైంలో నేనో పుస్తకం చదువుతున్నా, మహా ఊపులో ఉన్నా. మనిషి మనసుని ఇంత లోతుగా తవ్వినవాడు లేడురా అంటూ తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టా. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’.

అక్క: (పెద్దగా నవ్వు) పేరైనా చూసుకోలేదా?

తమ్ముడు: నాకు పేరు కనపళ్ళేదక్కా, లోపల ఉన్నా కదా! వాడు ఒకసారి అట్ట చూశాడు, ఒకసారి నా మొహం చూశాడు. “థాంక్స్ రా” అన్నాడు. నెలరోజులు ఫోనెత్తలేదు. పైగా అందులో సీతారామారావు అంతకంతకూ దిగజారడమే కదా కథంతా. దుఃఖంలో ఉన్నవాడికి నిచ్చెన వేస్తున్నాననుకుని నుయ్యి చూపించా.

అక్క: ఇప్పుడైతే ఏమిస్తావు?

తమ్ముడు: ముందు అడుగుతా. ఏం చదవాలనుందని కాదు, ఆ ప్రశ్నకి అందరూ గొప్పగా కనపడే జవాబే చెప్తారు. ఈమధ్య ఏ పుస్తకం మధ్యలో వదిలేశావు, ఎక్కడ వదిలేశావు అని అడుగుతా. అప్పుడు నిజం బయటికొస్తుంది. పేర్లు గుర్తుండక వదిలేశానంటే ఒక రకం. వర్ణనలు ఎక్కువై వదిలేశానంటే ఇంకో రకం. ఏడుపొచ్చి మూసేశానంటే, అది పూర్తిగా వేరే సంగతి. వాడికైతే ‘బారిస్టర్ పార్వతీశం’ ఇచ్చుండాల్సింది. మొగల్తూరు నుంచి బయలుదేరినవాడు ఇంగ్లండు చేరేలోపు మనం మన బాధ ఎక్కడ పెట్టామో వెతుక్కోవాలి.

అక్క: ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయశాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. రెండోది, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. మూడోది, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. రెండూ ఒకటేలా వినిపిస్తాయి గానీ కాదు. నువ్వు ఆరోజు చేసింది మూడోది. నీ పుస్తకానికి ఒక పాఠకుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళావు, దొరికినవాడి మీద పడ్డావు.

తమ్ముడు: ఊపులో ఉన్నవాళ్ళంతా అదే చేస్తారు. నువ్వు ఇందిరని ఎంతమందికి అంటగట్టావు ఈ నెలలో?

అక్క: నలుగురికి. (నవ్వు) కానీ పుస్తకం చేతిలో పెట్టలేదు. ఒక పేజీ ఫోటో తీసి పంపించా, అంతే. ఇద్దరు తర్వాతి పేజీ అడిగారు. మిగతా ఇద్దరు నమస్కారం బొమ్మ పెట్టారు. వాళ్ళని వదిలేశా.

తమ్ముడు: ఇది బాగుంది. అయితే నాకూ ఏదైనా ఆశ చూపించు. 33వ అధ్యాయం తెరవడానికి.

అక్క: చూపిస్తా. ఈ పుస్తకం 1851 అక్టోబరులో ముందు లండన్‌లో అచ్చయింది, మూడు సంపుటాలుగా, ‘ది వేల్’ అనే పేరుతో. ఆ ప్రతుల్లో నువ్వు చెప్పిన ఉపసంహారం లేదు. ఎలాగో జారిపోయింది. అక్కడి సమీక్షకులు కొందరు రచయిత మీద విరుచుకుపడ్డారు. ఎందుకంటే, ఆ ఒక్క పేజీ లేకపోతే…

తమ్ముడు: ఆగు! ఆగాగు. చెప్పకు!

అక్క: (నవ్వు) చెప్పను. 135 పూర్తిచేసి రా.

తమ్ముడు: ఉండు, నువ్వు చదవలేదన్నావుగా? నీకెలా తెలుసు?

అక్క: పుస్తకం చదవలేదు, పుస్తకం గురించి చదివా. ముగింపు తెలిసిపోయిందిగా, ఇంకెందుకులే అనుకుని ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. నీ ఫోలియో తిమింగలాలే నన్ను కదిలించాయి.

తమ్ముడు: అయితే పందెం. వచ్చే ఎపిసోడ్‌లోపు నువ్వు మొదటి నుంచి 32 దాకా, నేను 32 నుంచి 64 దాకా.

అక్క: సరే. కానీ నా దగ్గర పుస్తకం లేదే.

తమ్ముడు: నాది తీసుకో. రేపే తెచ్చిస్తా.

అక్క: మరి నువ్వు దేంట్లో చదువుతావురా?

తమ్ముడు: …

అక్క: అయ్యో పాపం, ఎంత ఉదారంగా తప్పించుకుంటున్నాడో చూడండి!