కారు మీద కయాక్

శ్రోతలకు నమస్కారం. డాలస్ చుట్టుపక్కల ఎండలు మొదలయ్యాయంటే చాలు, శనివారం పొద్దున్నే ఏదో ఒక ఇంటి ముందు ఈ సందడి ఉంటుంది. కారు మీద ఎర్రటి కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, స్టూలెక్కి పట్టీ బిగిస్తున్న ఒకాయన, కింద నుంచి సలహాలిచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు. లూయిస్‌విల్ లేక్‌కో, గ్రేప్‌వైన్ లేక్‌కో ప్రయాణం. నీళ్లలోకి దిగేముందు లైఫ్ జాకెట్ వేసుకోవాలని ఎవరికీ చెప్పక్కర్లేదు. అయితే ఆ నీళ్ల దాకా పడవని హైవే మీద జాగ్రత్తగా తీసుకెళ్లడం కూడా ఒక పనే. ఈ పూట మన మాటలు దాని గురించే.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా కొనే ప్లాస్టిక్ కయాక్ పది అడుగుల పొడవు, 20 నుంచి 25 కిలోల బరువు ఉంటుంది. కారు పైకప్పు అంత బరువు మోయగలదు. ఎంతవరకు మోస్తుందో ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, పడవని పెట్టడానికి పైకప్పు మీద బిగించే ర్యాక్ బరువు కూడా అందులోకే వస్తుందని గుర్తుంచుకోండి. అసలు పేచీ గాలితో. గంటకు 60 మైళ్ల నుంచి 70కి వెళితే పెరిగిన వేగం ఆరో వంతే, గాలి బలం మాత్రం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. దానికి తోడు పక్క లేన్‌లో పద్దెనిమిది చక్రాల ట్రక్కు దూసుకుపోయిందా, కయాక్ ముక్కు ఎగిరెగిరి పడుతుంది.

అందుకే నా దృష్టిలో ర్యాక్ ఖరీదు కన్నా కట్టిన తీరు ముఖ్యం. పడవ నడుముకు రెండు పట్టీలు, ముక్కుకొక తాడు, తోకకొక తాడు. ఈ చివరి రెండూ చాలామంది వదిలేస్తారు, "పక్కనే కదా లేక్" అని. నడుము పట్టీల్లో ఒకటి జారినా పడవని రోడ్డు మీద పడకుండా ఆపేవి ఆ తాళ్లే. ఇప్పటి చాలా కార్లకు ముందు బంపర్ కింద కొక్కేలు ఉండవు. హుడ్, అంటే బానెట్ తెరిచి, పక్కన ఉన్న బోల్టుకు గుడ్డపట్టీతో చేసిన చిన్న లూప్ బిగిస్తారు. హుడ్ మూశాక ఆ లూప్ బయటికి కనిపిస్తుంది, తాడు దానికి కట్టుకోవడమే.

పట్టీలలో, నొక్కి వదిలితే పళ్లతో పట్టుకునే మామూలు బకిల్ ఉన్న రకం చాలు. సరుకుల లారీలకు వాడే, పిడి ఆడిస్తూ బిగించే రాచెట్ పట్టీ మాత్రం వద్దు. దాంతో బిగిస్తూ పోతే ఎంత బలం పడుతోందో చేతికి తెలియదు. టెక్సస్ ఎండకు ప్లాస్టిక్ మెత్తబడి ఉంటుంది, పడవ అడుగు సొట్టపోతుంది. పట్టీని అవతలి వైపుకి వేసేటప్పుడు బకిల్‌ని చేత్తో పట్టుకుని వట్టి కొసను విసరండి, లేకపోతే ఇనుప బకిల్ వెళ్లి అద్దానికి తగులుతుంది. పట్టీని సాపుగా కాకుండా ఒక మెలిక తిప్పి కడితే హైవే మీద ఆ బుయ్యిమనే రొద ఉండదు. బయల్దేరిన పావుగంటకు ఎక్కడైనా ఆపి, పడవని పట్టుకుని ఊపి చూడండి. కారు కూడా దాంతోపాటే ఊగితే బాగా కట్టినట్టు. పడవ ఒక్కటే కదిలితే మళ్లీ బిగించాలి.

ర్యాక్ లేని చిన్న కారైతే పైకప్పు మీద ఫోమ్ దిమ్మెలు పెట్టి, పట్టీలు కారు లోపలి నుంచి తిప్పి కడతారు. కట్టేటప్పుడు నాలుగు డోర్లూ తెరిచి ఉంచాలి. కిటికీల్లోంచి తిప్పారంటే ఇక డోర్లు తెరుచుకోవు, కిటికీలోంచే దూరాలి. వాన వస్తే నీళ్లు ఆ పట్టీ వెంబడే పాకి సరిగ్గా డ్రైవర్ ఒళ్లోకే చుక్కలు చుక్కలుగా కారతాయి. దగ్గరి దూరాలకు ఈ పద్ధతి ఫర్వాలేదు. గంటల ప్రయాణానికి నేనైతే ఒప్పుకోను.

పికప్ ట్రక్కు ఉన్నవాళ్లకి పైకెత్తే బాధ లేదు. కానీ ఈమధ్య ట్రక్కుల వెనుక తొట్టి ఐదున్నర అడుగులే ఉంటోంది. పన్నెండు అడుగుల కయాక్ పెడితే, వెనుక తలుపు, అదే టెయిల్‌గేట్, దించినా నాలుగు అడుగులకు పైనే బయట ఉంటుంది. టెక్సస్‌లో సరుకు వెనక్కి నాలుగు అడుగులు బయటికి వస్తే ఎర్ర జెండా కట్టాలి, చీకట్లో ఎర్ర లైటు పెట్టాలి. ఇండియా నుంచి వింటున్నవాళ్లకు ఒక మాట: అక్కడ 2019 సవరణ తర్వాత హద్దు దాటి బయటికి పొడుచుకొచ్చిన సరుకుకు జరిమానా 20,000 రూపాయలు. ఇన్ని లెక్కలు మాకెందుకనుకుంటే గాలి ఊదుకునే కయాక్ కొనుక్కోండి. మడిస్తే కారు ట్రంక్‌లో, అంటే డిక్కీలో పట్టేస్తుంది.

తిరిగొచ్చేటప్పుడు, లేక్ దగ్గరే డ్రెయిన్ ప్లగ్, అంటే పడవలోని నీళ్లు బయటికి పోయే రంధ్రానికున్న మూత తీసి నీళ్లన్నీ వంచెయ్యాలి. బరువు తగ్గడానికి మాత్రమే కాదు. 2009లో టెక్సోమా లేక్‌లో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు బయటపడ్డాయి. వాటి పిల్లలు కంటికి కూడా కనపడవు. పడవలో మిగిలిన నీళ్లతో ఇంకో లేక్‌లోకి చేరి, పైపులకు అంటుకుని వాటిని పూడ్చేస్తాయి. అందుకే టెక్సస్‌లో నీళ్లు వంచకుండా బయల్దేరడం చట్ట విరుద్ధం. మోటారు లేని కయాక్‌కీ ఇది వర్తిస్తుంది.

ఇక ఇంటికొచ్చాక. ఎండలో తెడ్డేసి అలిసిపోయి ఉంటారు, చెయ్యి అలవాటుగా గరాజ్ బటన్ నొక్కుతుంది, నెత్తి మీద పడవ ఉందన్న సంగతి గుర్తుండదు. పొద్దున బయల్దేరేముందే ఆ రిమోట్ తీసి ట్రంక్‌లో పడెయ్యండి. దాన్ని తీసుకోవాలంటే కారు దిగాల్సిందే కదా. నమస్కారం.